చల్లారని డైనమో

భద్రాచలంలో నాకు బండ్ల కరెంటు పనులు చేసే దుకాణం ఉండేది. రేకుల కప్పు, ఒక చెక్క బల్ల, గోడ మేకులకు వేలాడే వైరు చుట్టలు, మూలన బ్యాటరీలు చార్జింగ్ పెట్టే పెట్టె. అంతే. మాది కారేపల్లి. పని నేర్చుకున్నది ఖమ్మంలో, ఒక ఉస్తాద్ దగ్గర. ఆయన దగ్గర ఏడేళ్లు పనిచేశాక పెళ్లయింది, గోదావరి దాటి ఇటు వచ్చేశాను. చర్ల వైపు అడవి రోడ్డు మీద తిరిగే జీపులకూ పాత కార్లకూ అప్పట్లో ఈ పని తెలిసినవాళ్లు తక్కువ. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. నాకు పేరు త్వరగానే వచ్చింది. ఆ పేరే నన్ను కొంత చెడగొట్టింది.

బండికి నీళ్లు కారితే నేల మీద తడి కనిపిస్తుంది. ఆయిల్ కారితే మరక కనిపిస్తుంది. కరెంటు కారితే ఏమీ కనిపించదు. అందుకే మా మాటకు ఎదురు చెప్పేవాళ్లు ఉండరు. నేను వైరింగ్‌లో లోపం ఉందంటే ఉంది, లేదంటే లేదు. లారీ ఓనర్ల దగ్గర్నుంచి సర్కారు జీపుల డ్రైవర్ల దాకా అందరూ తలూపేవాళ్లు.

నా దగ్గరికి వచ్చే బండ్లలో ఒక తెల్ల అంబాసిడర్ ఉండేది. దుమ్ముగూడెం దాటాక, రోడ్డు నుంచి కాస్త లోపలికి, ముగ్గురు సిస్టర్లు నడిపే చిన్న దవాఖానాది ఆ కారు. జ్వరాలకు మందులివ్వడం, కాన్పులు చేయడం, దెబ్బలకు కట్లు కట్టడం వాళ్ల పని. తమ చేతిలో లేని కేసు వస్తే ఆ మనిషిని వెనక సీటులో పడుకోబెట్టి భద్రాచలం తెచ్చేవాళ్లు. కారు చాలా పాతది. ఎవరో ఏళ్ల తరబడి వాడుకుని, డీజిల్ ఇంజను వేయించి, చివరికి దవాఖానాకు ఇచ్చేశారు. అందులో ఉన్నది పాతకాలపు డైనమో. ఇంజను తిరుగుతుంటే డైనమో కరెంటు పుట్టించి బ్యాటరీని నింపుతుంది. ఆ రెండింటి మధ్య కటౌట్ అని ఒక నల్ల డబ్బా ఉంటుంది. ఇంజను ఆగగానే అందులోని రెండు పాయింట్లు విడిపోవాలి. విడిపోకపోతే బ్యాటరీలోని కరెంటంతా వెనక్కి డైనమోలోకి పోతుంది.

ఆ కారు నడిపే మనిషి నాకంటే పదేళ్లు పెద్ద. కోయ మనిషి. ఊరు అక్కడికి ఐదారు మైళ్ల లోపల, అడవిలో. చిన్నప్పుడు వెదురు లారీల మీద క్లీనరుగా పోయి, డ్రైవింగ్ నేర్చుకుని, దవాఖానాలో కుదురుకున్నాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఎడ్లను కడిగినట్టు రోజూ కారును కడిగేవాడు. దుకాణానికి వచ్చినప్పుడు బల్ల మీద కూర్చోమన్నా కూర్చునేవాడు కాదు, కారు పక్కనే నిలబడేవాడు. తెలుగు నెమ్మదిగా, మాటకు మాటకు మధ్య ఖాళీ వదిలి మాట్లాడేవాడు. ఆ ఖాళీల్లోకి నేను నా మాట దూర్చేసేవాణ్ని.

ఒక ఏడాది వానలు తగ్గాక ఆ కారుకు రోగం పట్టుకుంది. సాయంత్రం బాగా నడిచిన బండి పొద్దున సెల్ఫ్ కొట్టేది కాదు. నలుగురూ తోసి స్టార్ట్ చేసి నా దగ్గరికి తెచ్చారు. బ్యాటరీ పూర్తిగా డౌన్. చార్జింగ్ పెట్టి, బ్యాటరీ టెర్మినల్‌కూ దాని వైరుకూ మధ్య టెస్ట్ ల్యాంప్ పెట్టి చూశాను. ఎక్కడైనా కరెంటు కారుతుంటే ఆ చిన్న బల్బు వెలగాలి. వెలగలేదు. బ్యాటరీ ముసలిదైందని చెప్పి కొత్తది వేశాను. ఇరవై రోజులకు కొత్త బ్యాటరీ కూడా డౌనైంది. మళ్లీ తెచ్చారు. మళ్లీ టెస్ట్ ల్యాంప్ పెట్టాను. మళ్లీ వెలగలేదు. హెడ్‌లైట్ స్విచ్చు మార్చాను, హారన్ వైరు మార్చాను. ఏదో ఒకటి మార్చకపోతే పని చేసినట్టు ఉండదు కదా.

మూడోసారి వచ్చినప్పుడు డ్రైవరు నేను బ్యానెట్ మూసేదాకా ఆగి చెప్పాడు.

"మేస్త్రీ, ఇంజను సల్లారుతది. డైనమో సల్లారదు. మాపటికి చెయ్యి పెట్టి చూస్తే ఇంక ఉడుకే ఉంటది."

నాకు నవ్వొచ్చింది. "ఇంజను పక్కనున్నది ఉడుకు గాక సల్లగుంటదా ఏందయ్యా?"

"అట్ల కాదు. ఇంజను సల్లబడ్డంక గూడ..."

"అయ్యా, బండి నడుపుడు నీ పని. కరెంటు సంగతి నాకిడిచిపెట్టు."

ఆయన భుజం మీది గుడ్డ తీసి, నా చేతి మరకలు అంటిన బ్యానెట్ అంచు తుడిచాడు.

ఆరోజు కారులో పెద్ద సిస్టర్ కూడా వచ్చింది. కేరళ ఆమె. ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్నా తెలుగు పుస్తకంలో నేర్చుకున్నట్టే మాట్లాడేది. డ్రైవరు టీ తాగడానికి పోయినప్పుడు నన్నడిగింది.

"లోపం ఎక్కడ ఉంది? నిజం చెప్పండి. రోగులను పెట్టుకుని మేము ఇలా తోసుకుంటూ ఉండలేము."

నాకు తెలియదు అని చెప్పాలి. అదే నిజం. కానీ ఆ మాట నా నోట రాలేదు. కారులో పాత టేప్‌రికార్డర్ ఒకటి ఉండేది. అది చూపించాను.

"వైరింగ్‌లో ఏం లేదు సిస్టర్. నేను మొత్తం చూసిన. మాపటేళ ఎవరన్న పాటలు ఇంటున్నరేమో అడుగుండ్రి."

ఎవరన్న అన్నాను కానీ ఆ కారు తాళం ఉండేది ఒక్కడి దగ్గరే. ఆమె కాసేపు టేప్‌రికార్డర్ వంకే చూసింది. "అతను అలాంటివాడు కాదు," అంది. తర్వాత, "అడుగుతాను," అంది.

అడిగిందట. లేదన్నాడట. సంక్రాంతి వెళ్లిన పది రోజులకు అనుకుంటాను, చలి ఇంకా గట్టిగానే ఉంది. డ్రైవరు మేనమామ కొడుకొకడు తెల్లవారగానే కల్లు దింపడానికి తాటిచెట్టు ఎక్కి పైనుంచి జారిపడ్డాడు. తొడ ఎముక విరిగింది. ఊరివాళ్లు నులక మంచం మీద వేసుకుని, మోసుకుంటూ దవాఖానాకు తెచ్చారు. సిస్టర్లు కర్రలు కట్టి కదలకుండా చేసి కారు తీయమన్నారు. సెల్ఫ్ కొట్టలేదు. బ్యాటరీ డౌన్. మంచం మోసుకొచ్చిన ఎనిమిది మందీ కారును రోడ్డు దాకా తోశారు, రోడ్డు మీద ఇంకా తోశారు. చలికాలంలో డీజిల్ ఇంజనుకు ముందు హీటర్ ప్లగ్గులు వేడెక్కాలి. దానికి బ్యాటరీ కావాలి. అది లేకుండా ఎంత తోసినా ఆ ముసలి ఇంజను అందుకోలేదు. చివరికి ఎవరిదో ఇటుకల ట్రాక్టరు దొరికితే దాని వెనక ట్రక్కులో గడ్డి పరిచి ఎక్కించారు. ఆ గుంతల రోడ్డు మీద భద్రాచలం చేరేసరికి సిస్టర్లు కట్టిన కట్టు ఊడిపోయి ఎముక పక్కకు జరిగింది. ప్రాణం దక్కింది. కాలు మాత్రం పొట్టిదైపోయింది.

డ్రైవరు ఆ ట్రాక్టరులోనే, మనిషి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుని వచ్చాడట. దారి పొడుగునా ఎవరూ ఆయనతో మాట్లాడలేదట. నాకు ఇవన్నీ తర్వాత తెలిశాయి. అప్పుడు నాకు తెలిసిందల్లా, రాత్రిళ్లు పాటలు విని బ్యాటరీ దించేస్తున్నాడని ఆ వారంలోనే ఆయన్ని పనిలోంచి తీసేశారని. విన్నప్పుడు కొంచెం బాధేసింది. బాధ కంటే ముందు ఇంకొకటి వేసింది, చెప్పాలంటే సిగ్గు. హమ్మయ్య, గొడవ నా మీదికి రాలేదు అనుకున్నాను.

కొత్త డ్రైవరు మధిర వైపు నుంచి వచ్చినవాడు, హుషారు మనిషి. రెండు నెలలు కారు ఏ పేచీ పెట్టకుండా నడిచింది. దాంతో నా మాటే నిజమని అందరూ నమ్మారు. నేనూ నమ్మాను.

ఎండలు ముదిరే వేళ, ఒకరోజు పెద్ద సిస్టర్ బస్సు దిగి నేరుగా దుకాణానికి వచ్చింది. నేను స్టూలు వేశాను. కూర్చోలేదు.

"కారు పొద్దున మళ్లీ స్టార్ట్ కాలేదు," అంది. "సాయంత్రం కాగానే తాళం నేనే తీసుకుని నా గదిలో పెట్టుకుంటున్నాను. టేప్‌రికార్డర్ తీయించేశాను. మరి ఇప్పుడు పాటలు ఎవరు విన్నారు?"

గొంతు పెంచలేదు. నిజంగానే నాకు తెలుసేమో అన్నట్టు అడిగింది. చేతిలో ఉన్న పని పక్కన పెట్టి, చార్జింగ్ అయిన బ్యాటరీ ఒకటి, సంచీలో సామాను వేసుకుని ఆమెతోనే బస్సెక్కాను. ఆ కారు ఇల్లు వదిలి ఎన్నోసార్లు నా దగ్గరికి వచ్చింది గానీ, దాని దగ్గరికి నేను పోవడం అదే మొదటిసారి.

దారిలో ఆలోచించుకున్నాను. ఇన్నాళ్లూ నేను చేసిందేమిటి? చచ్చిన బ్యాటరీతో, ఇరవై మైళ్లు గుంతల్లో కుదుపులు తిని వచ్చిన బండిని చూశాను. రాగానే బ్యాటరీ వైరు పీకేశాను. ఆ తర్వాత రోగం వెతికాను. జ్వరం దిగాక వచ్చిన మనిషికి జ్వరం లేదని చెప్పడం లాంటిదే కదా.

దవాఖానాకు చేరాక తెచ్చిన బ్యాటరీ వేసి, ఇంకేమీ ముట్టుకోకుండా కొత్త డ్రైవరుతో అన్నాను. "చర్ల రోడ్డు మీద పోయిరా. రోజు ఎట్ల పోతవో అట్లనే పో. వచ్చి రోజు పెట్టే కాడనే పెట్టు." మధ్యాహ్నం తిరిగొచ్చాడు. కారు షెడ్డులో పెట్టి తాళం సిస్టర్‌కు ఇచ్చాడు. నేను బ్యానెట్ తెరిచి, టెస్ట్ ల్యాంప్ కూడా తీయకుండా, పక్కన ఇటుక మీద కూర్చున్నాను. ఆరోజు ఏమీ జరగలేదు. మర్నాడు మళ్లీ పంపించాను. ఆరోజూ ఏమీ లేదు. సిస్టర్లు నాకు వాళ్ల వరండాలో చాప వేసి, కంచంలో అన్నం పెట్టారు. మూడోరోజు నేనే వెనక సీటులో కూర్చుని పోయాను. రెండు వాగులు దాటి తిరిగొచ్చాం. కారు షెడ్డులో పెట్టి వేచి ఉన్నాను. గంటన్నర గడిచింది. ఇంజను మీద చెయ్యి పెట్టాను. గోరువెచ్చగా ఉంది. రేడియేటరు చల్లబడింది. అలవాటుగా చెయ్యి పక్కకు జరిపి డైనమో మీద పెట్టాను.

చురుక్కున కాలింది.

చెయ్యి తీసేసుకుని అక్కడే నిలబడిపోయాను. ఇంజను సల్లారుతది, డైనమో సల్లారదు. ఆ మనిషి అన్న మాటలు అన్నట్టే చెవిలో పడ్డాయి, మధ్యలో ఖాళీలతో సహా. ఇంజను ఆగి గంటన్నర అయినా డైనమోలోకి కరెంటు పోతూనే ఉంది. బ్యాటరీ తన ప్రాణమంతా దాన్ని కాల్చడానికి ధారపోస్తోంది. స్క్రూడ్రైవర్ పిడితో కటౌట్ డబ్బా మీద మెల్లగా తట్టాను. లోపల టిక్కుమంది. అతుక్కుపోయిన పాయింట్లు విడిపోయాయి. ఇరవై మైళ్ల కుదుపుల్లో ఎప్పుడో ఒకప్పుడు అవి అలాగే విడిపోయేవి. ఎందుకు నా టెస్ట్ ల్యాంప్ ఎప్పుడూ వెలగలేదో అప్పుడు అర్థమైంది.

మూత విప్పాను. పాయింట్లు నల్లగా, గుంటలు పడి, గరుకుగా ఉన్నాయి, అందుకే వేడికి అతుక్కుంటున్నాయి. ఆ గరుకు కూడా నా చలవే. అంతకు ఏడాది ముందు చార్జింగ్ సరిగ్గా లేదని వస్తే, సన్నటి ఆకురాయి కనిపించక, గరుకు కాగితంతో రుద్ది పంపించాను. అట్లా చేయొద్దని ఉస్తాద్ నాకు తిట్టి మరీ చెప్పిన పని. ఇంకొకటి కూడా ఉంది. స్టీరింగ్ వెనక, కరెంటు వస్తోందో పోతోందో చూపించే ముల్లు మీటరు ఉంటుంది. అది పాడైతే బాగుచేసే ఓపిక లేక, దాన్ని తప్పించి వైరు నేరుగా కలిపేసింది కూడా నేనే. ఆ ముల్లు బతికి ఉంటే ఇంజను ఆపాక కూడా అది పక్కకు ఒరిగే ఉండేది. ఎవరైనా చూసి చెప్పేవాళ్లు.

పెద్ద సిస్టర్ మందుల గదిలో ఉంది. వెళ్లి చెప్పాను. అన్నీ చెప్పాను, గరుకు కాగితం సంగతితో సహా. ఆమె చేతిలో ఉన్న సీసా మూత బిగించి అల్మారాలో పెట్టింది.

"అతనికి తెలియాలి," అంది. "మీరు చెప్తారా, నేను చెప్పనా?"

"నేనే చెప్త సిస్టర్."

"ఇద్దరం వెళ్దాం. ఆ మాట అన్నది మీరు. నమ్మింది నేను."

మర్నాడు పొద్దున్నే ఆ కారులోనే బయలుదేరాం. కొంత దూరం పోయాక కారు పోయే దారి లేదు. దిగి నడిచాం. అది ఇప్పపూల కాలం. అడవంతా తీపి వాసన. ఊళ్లో ప్రతి ఇంటి ముందూ పూలు ఆరబోసి ఉన్నాయి. ఆయన, ఆయన భార్య దడి లోపల చాప మీద పూలు పరుస్తున్నారు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. సిస్టర్‌కు దండం పెట్టాడు. నన్ను చూసి చేతులు దులుపుకున్నాడు. ఆయన భార్య లోపలికి పోయి నీళ్లు తెచ్చింది.

దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చాను. అక్కడ ఒక్కటీ పనికిరాలేదు.

"అన్నా," అన్నాను. అప్పటిదాకా ఆయన్ని ఎన్నడూ అట్లా పిలవలేదు. "నువ్వు చెప్పిందే నిజం. డైనమో ఉడుకుతనే ఉంది. కటౌట్ అతుక్కపోతున్నది. తప్పు నాది. నీది కాదు."

ఆయన కింద పూల వంక చూశాడు. "నేను చెప్పిన గద మేస్త్రీ."

"చెప్పినవ్. నేను ఇనలే."

సిస్టర్ ముందుకు వచ్చింది. "నేను మిమ్మల్ని అడిగాను. మీరు లేదు అన్నారు. అయినా ఆయన మాటే నమ్మాను. నన్ను క్షమించండి. మీ పని మీకు ఉంది. ఎప్పుడు వస్తే అప్పుడు."

ఆయన మళ్లీ కూర్చుని, ముద్దగా పడిన పూలను వేళ్లతో విడదీశాడు. ఆ ఖాళీలోకి ఈసారి నేను ఏ మాటా దూర్చలేదు. తర్వాత తల ఎత్తకుండానే అన్నాడు.

"పని సంగతి తర్వాత చూద్దాం. నాకు చెప్పినట్టు వానికి చెప్పాలె. ఊరోళ్లు ఇనాలె. వాని కాలు నా పాటల కోసం పోయిందని అంటున్నరు. మా అత్త నా ఇంటికి వచ్చుడు బంద్ చేసింది."

సిస్టర్‌తో నేను అన్న ఒక్క మాట అడవి దాటి ఈ ఊరి దాకా, ఆ అత్త గడప దాకా నడిచి వచ్చిందన్నమాట.

కాలు విరిగిన మనిషి ఇల్లు ఊరికి అటు చివర. అతను వాకిట్లో మంచం మీద కూర్చుని వెదురు బద్దలు చీలుస్తున్నాడు. ముప్పై ఏళ్లుంటాయి. పక్కన కర్ర ఆనించి ఉంది. మేం పోతుంటే వెనకే జనం పోగయ్యారు. నేను తెలుగులో చెప్తే, ఊరి బడిలో చెప్పే పంతులు కోయ మాటలో చెప్పాడు. డ్రైవరు దూరంగా, దడి బయట నిలబడ్డాడు.

చెప్పాను కానీ వాళ్ల ముఖాల్లో ఏమీ కనిపించలేదు. కటౌట్ అంటే ఏమిటి, డైనమో అంటే ఏమిటి? పెద్దమనుషులు వచ్చి తమ డ్రైవరును వెనకేసుకొస్తున్నారు అనుకుంటున్నారు. అప్పుడు సామాను సంచీలోంచి, కారులో విప్పి తెచ్చిన ఆ కటౌట్ డబ్బా, టెస్టింగ్‌కు వాడే స్కూటర్ బ్యాటరీ, హెడ్‌లైట్ బల్బు తీసి నేల మీద పెట్టి వైర్లు కలిపాను. వేలితో పాయింట్లు నొక్కితే బల్బు వెలిగింది. వదిలేస్తే ఆరిపోయింది.

"ఇట్ల ఆరిపోవాలె," అన్నాను. "కానీ ఇది ఆరదు. చూడుండ్రి."

నొక్కాను, వదిలాను. ఆరిపోయింది. మళ్లీ నొక్కాను. మళ్లీ బుద్ధిగా ఆరిపోయింది. పదిసార్లు అయ్యింది. ఒక ముసలామె ఏదో అంటే అందరూ నవ్వారు. "బాగనే ఉంది గద అంటున్నది," అని పంతులు చెప్పాడు. నా నుదుటి మీది చెమట కంట్లోకి దిగింది. రోగం నన్ను ఇంతకుముందు దుకాణంలో ఎట్లా ఏడిపించిందో, ఇంతమందిలోనూ అట్లాగే ఏడిపిస్తోంది. నొక్కడం ఆపలేదు. ఎన్నోసారో తెలియదు, వేలు తీసేశాను. బల్బు వెలుగుతూనే ఉంది.

నవ్వులు ఆగిపోయాయి. నేను రెండు చేతులూ పైకెత్తి దూరం జరిగాను. ఎవరూ ముట్టుకోవడం లేదు, పట్టపగలు ఆ బల్బు అట్లా వెలుగుతోంది. కాలు విరిగిన మనిషి మంచం మీంచి ముందుకు వంగి చూశాడు. చేతిలోని వెదురు బద్దతో డబ్బా మీద తట్టాడు. టిక్కుమని ఆరిపోయింది. తట్టమని నేను చెప్పలేదు. తనకే తోచింది.

అతను నావైపు చూసి తెలుగులోనే అడిగాడు. "అయితే నా కాలు ఇరగ్గొట్టింది ఈ డబ్బానా?"

"డబ్బా కాదు తమ్మీ. నేను. నేను దీన్ని సరిగ్గ చూడలే. చూసిన మనిషి చెప్తే ఇనలే."

అతను కాసేపు నన్ను ఎగాదిగా చూశాడు.

"చెట్టు మీంచి పడ్డది నేనే గద," అన్నాడు. "దానికెవరు వైరు కట్టిండ్రు?"

పంతులు దాన్ని కోయలో చెప్పేలోపే తెలుగు తెలిసినవాళ్లు నవ్వేశారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అతను కర్ర అందుకుని లేచాడు. ఒక్కో అడుగుకూ పక్కకు ఒరుగుతూ దడి దాకా పోయి, బయట నిలబడ్డ డ్రైవరుతో వాళ్ల మాటలో ఏదో అన్నాడు. ఏమన్నాడో పంతులు నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. డ్రైవరు లోపలికి వచ్చాడు. కాలు విరిగినవాడి తల్లి, అదే ఆ అత్త, గుమ్మంలో నిలబడి చూస్తోంది. లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి డ్రైవరు చేతికిచ్చింది.

సిస్టర్ ఆ మనిషి కాలు అక్కడే చూసింది. ఖమ్మంలో ఎముకల డాక్టరుకు చూపిస్తే చెప్పు కింద ఎత్తు వేయించొచ్చు, నడక కొంత కుదురుతుంది అంది. నెల తిరక్కముందే తీసుకెళ్లింది కూడా. నడక కుదిరింది కానీ పూర్తిగా కాదు. చెట్టు ఎక్కడం మాత్రం పోయింది. ఇప్పుడు తమ్ముడు ఎక్కుతాడని, తాను కింద నిలబడి తిడతాడని చెప్పాడు, తర్వాతెప్పుడో చర్ల సంతలో కనిపించినప్పుడు. నన్ను "డబ్బా మేస్త్రీ" అని పిలిచేవాడు. సంతలో పదిమందిలో అట్లా పిలిస్తే మొదట్లో చెవులు వేడెక్కేవి. మెల్లగా అలవాటైంది.

డ్రైవరు వెంటనే పనిలోకి రాలేదు. ఇప్పపూలు అయిపోవాలన్నాడు. తర్వాత తునికాకు కోత ఉందన్నాడు. సిస్టర్ తొందర పెట్టలేదు. మధిర డ్రైవరు తనకు సొంత ఊరి దగ్గర ట్రాక్టరు పని దొరికిందని వెళ్లిపోయాడు. కొన్నాళ్లు కారు షెడ్డులోనే ఉండిపోయింది. ఆ రోజుల్లో నేను వారం వారం పోయి పని చేశాను. కటౌట్ కొత్తది వేశాను. ముల్లు మీటరు పాత బండి సామాన్లలో వెతికి తెచ్చి బిగించాను. పాత వైర్లన్నీ ఒక్కొక్కటే పీకి మార్చాను. ఎవరూ చేయమనలేదు. చేస్తుంటే మనసు కొంచెం తేలికపడేది.

తొలకరి పడ్డాక ఒకరోజు దుకాణం ముందు ఆ తెల్ల అంబాసిడర్ ఆగింది. స్టీరింగ్ ముందు ఆయనే. దిగి, ఎప్పటిలాగే కారు పక్కన నిలబడ్డాడు. నేను లేచి పోయాను.

"హారన్ మోగుతలేదు మేస్త్రీ," అన్నాడు. "ఒక్కోపాలి."

బ్యానెట్ మీదికి పోబోయిన నా చెయ్యి ఆగింది. స్టూలు తెచ్చి ఆయన పక్కన వేశాను.

"కూసో అన్నా. ఎప్పుడెప్పుడు మోగుతలేదో చెప్పు."

ఆయన ఆ స్టూలు వంక కాసేపు చూసి, కూర్చున్నాడు. ఎడమ పక్కకు తిప్పినప్పుడు మోగదన్నాడు. వాన పడితే అసలే మోగదన్నాడు. దమ్మపేట వైపు పోయినప్పుడు ఒకసారి తనంత తానే మోగి, రోడ్డు మీది గొర్రెలన్నీ చెదిరిపోయాయన్నాడు. ఆ మాట చెప్తూ నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదలు. అంత వివరంగా చెప్పాక ఇక వెతకడానికి ఏముంటుంది? స్టీరింగ్ కింద వైరు ఒకచోట ఒరుసుకుపోయి ఉంది. తెప్పించిన టీ చల్లారేలోపే పని అయిపోయింది.